స్లాబ్ వేసే ముందు ఎవరికి ఏం చెప్పాలి? సైట్‌లో టీమ్‌వర్క్ అంటే అసలు చేసే పని ఏంటి?

కొత్త_సైటింజనీరు అడిగినది:

సివిల్ పూర్తయింది, వచ్చే నెల సైట్‌లో జాయినింగ్. ఏ ఉద్యోగ ప్రకటన చూసినా "టీమ్‌వర్క్, కమ్యూనికేషన్ స్కిల్స్ తప్పనిసరి" అని ఉంటుంది. కాలేజీలో ఆ పేరు మీద నేర్పేది గ్రూప్ డిస్కషన్, పీపీటీ, ఇంగ్లీషు. సైట్‌లో చూస్తే సెంట్రింగ్ (కాంక్రీటు పోసే అచ్చు, దాని ఆసరా) మేస్త్రి తెలుగు, రాడ్ బెండింగ్ వాళ్ళు ఒడియా, పంపు ఆపరేటర్ హిందీ. ఇక్కడ పీపీటీ ఎవరికి చూపించాలి?

ఒక ఉదాహరణ పెట్టుకుని చెప్పండి. జీ+4 అపార్ట్‌మెంట్, 240 చదరపు మీటర్ల స్లాబు, 150 మి.మీ. మందం, బీములతో కలిపి ఒకేసారి కాస్టింగ్ (కాంక్రీటు పోయడం), ఎం25 గ్రేడు, ఆర్ఎంసీ (ప్లాంటులో కలిపి బండిలో తెచ్చే కాంక్రీటు). ఎల్లుండి కాస్టింగ్ అనుకుందాం. నేను ఎవరితో, ఏం, ఎప్పుడు మాట్లాడాలి? "అందరితో కలిసిపోవాలి" లాంటి జవాబులు మాత్రం వద్దు, అవి కాలేజీలోనే బోలెడు విన్నాం.

---

కవర్‌బ్లాక్:

ఎల్లుండి కాస్టింగ్ అయితే ఇప్పటికే రెండు రోజులు ఆలస్యమైనట్టే. స్లాబు మీద ఒకరి పని ఇంకొకరి పని కింద కప్పబడిపోతుంది, గోడనైతే విప్పి చూసుకోవచ్చు, ఇక్కడ ఆ వీలుండదు. ముందు ఆ వరస పట్టుకోండి: సెంట్రింగ్, కింది జాలి (అడుగున కట్టే రాడ్ల వల), కరెంటు పైపులు, ఫ్యాన్ బాక్సులు, తర్వాత పై రాడ్లు, ప్లంబింగ్ స్లీవులు (పైపు వెళ్ళడానికి ముందే వదిలే గొట్టాలు). గొడవలన్నీ ఈ వరస తప్పినప్పుడే మొదలవుతాయి.

ఎక్కువసార్లు తప్పేది ఎలక్ట్రీషియన్ దగ్గర. అతను రావాల్సింది కింది జాలి అయ్యాక, పై రాడ్లు కట్టకముందు. "రేపు వచ్చెయ్" అంటే మీ దృష్టిలో ఉదయం 8, అతని దృష్టిలో వేరే సైట్ ముగించుకుని సాయంత్రం 4. ఈలోపు రాడ్ల వాళ్ళు ఖాళీగా కూర్చోరు, పై రాడ్లు కట్టేస్తారు. అప్పుడు ఎలక్ట్రీషియన్ వచ్చి బైండింగ్ వైరు కత్తిరించి, రాడ్లు పక్కకి జరిపి పైపు దూర్చి, వాటి మీదే నడిచి వెళ్ళిపోతాడు. చైర్లు (పై రాడ్లని ఎత్తి నిలబెట్టే రాడ్డు ముక్కలు) వంగిపోతాయి. గది మధ్యలో అయితే కొంత నయం. బాల్కనీ లాంటి కాంటిలీవర్ (ఒక వైపే ఆసరా ఉండే స్లాబు) దగ్గర అసలు బరువు మోసేవే పై రాడ్లు.

లెక్క చూడండి. 150 మి.మీ. స్లాబు, పైన 20 కవరు (రాడ్డుని కప్పే కాంక్రీటు పొర), 10 మి.మీ. రాడ్డు అయితే ఎఫెక్టివ్ డెప్త్ (బలం లెక్కకొచ్చే లోతు) 150 – 20 – 5 = 125. కాళ్ళ కింద పడి రాడ్డు 40 మి.మీ. దిగిందంటే మిగిలేది 85. అంటే ఆ బాల్కనీ మోయగల బలంలో దాదాపు మూడో వంతు పోయినట్టు. డిజైన్ తప్పు కాదు, స్టీల్ తక్కువ కాదు, టైము చెప్పకపోవడమే.

కాబట్టి అతనికి చెప్పాల్సింది ఇలా ఉండాలి: "బుధవారం మధ్యాహ్నం 2కి కింది జాలి మీకు అప్పజెప్తాం. గురువారం ఉదయం 11కి పై రాడ్లు మొదలు. మీ మనుషులు ఎంతమంది?" ఆ ఆఖరి ప్రశ్న ముఖ్యం. ఒక్కడే వస్తున్నాడంటే 11కి అవ్వదని అప్పుడే తెలిసిపోతుంది. దాంతోపాటు ఇంకో మాట: 25 మి.మీ. పైపులు రెండు ఒకదాన్ని ఒకటి దాటితేనే 50 మి.మీ. మందం పోయింది, వాటి మీదుగా మూడోది వద్దు. డీబీ (కరెంటు స్విచ్చుల పెట్టె) పైన పైపులన్నీ కట్టగా దిగే చోట పైపుకీ పైపుకీ మధ్య కాంక్రీటు దిగేంత సందు ఉండాలి.

ప్లంబర్ విషయంలో ఒకే ఒక్క ప్రశ్న అడగండి: "బాత్రూమ్ సంకెన్ 300 అంటున్నారు, ఎక్కడి నుంచి 300?" (సంకెన్ అంటే బాత్రూమ్ స్లాబు ఎంత కిందకి దించాలో, మి.మీ.లో.) ఆర్కిటెక్ట్ డ్రాయింగ్‌లో అది టైల్స్ వేసిన ఫ్లోర్ లెవెల్ నుంచి కావచ్చు, స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లో స్లాబు పై లెవెల్ నుంచి కావచ్చు. మధ్యలో ఫ్లోరింగ్ మందం 50 మి.మీ. తేడా. ఇద్దరూ తమ కాగితం ప్రకారం కరెక్టే. చివరికి ట్రాప్‌కి (నీళ్ళు దిగే చోటి పైపుకి) స్లోపు దొరక్క ప్లంబర్ స్లాబు చిప్పింగ్ చేస్తాడు, కింద ఫ్లాట్‌లో లీకేజీ. స్లీవు మర్చిపోతే ఇంకా దారుణం, తర్వాత స్లాబుకి రంధ్రం వేసే కోర్ కటింగ్ మెషిన్‌కి అడ్డొచ్చింది కాంక్రీటా రాడ్డా అని తేడా తెలీదు.

---

రివిజన్_ఆర్2:

పై జవాబుకి ఒక ముక్క కలుపుతా: డ్రాయింగ్ మార్పులు.

స్ట్రక్చరల్ ఇంజనీర్ ఆర్2 (రెండో సవరణ) డ్రాయింగ్ మెయిల్‌లో పంపుతాడు, ప్రాజెక్ట్ మేనేజర్ గ్రూపులో పెడతాడు, మీరు థంబ్ కొడతారు. అందరూ చెప్పేసినట్టే లెక్క. కానీ రాడ్లు కట్ చేసేది ఆ పీడీఎఫ్ చూసి కాదు. రాడ్ మేస్త్రి జేబులో ఒక చిన్న నోటుబుక్కు ఉంటుంది, ఆర్1 చూసి వారం కిందట రాసుకున్న కొలతలు అందులో ఉంటాయి. మీ మార్పు ఆ పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నదే అసలు ప్రశ్న. నోటుబుక్కు తెరిపించి, పాత లైను అతని చేత్తోనే కొట్టేయించి, కొత్త కొలత రాయించండి. సైట్ బోర్డు మీదున్న పాత ప్రింటు మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా "రద్దు" అని రాసి, తేదీ వేసి, ఆఫీసులోకి తీసుకెళ్ళండి. చింపేయొద్దు, ఏ రోజు దాకా ఏది నడిచిందో తర్వాత అడుగుతారు.

ఫోన్‌లో "సరే కానివ్వండి" అనే అలవాటు ఎంత దూరం వెళ్తుందో చూడాలంటే అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని కాన్సస్ సిటీ హయత్ రీజెన్సీ హోటల్ కేసు చదవండి. 1981 జులై 17న హోటల్ లాబీలో వేలాడే నడక వంతెనలు రెండు కూలాయి, 114 మంది చనిపోయారు. మొదటి డ్రాయింగ్‌లో పైకప్పు నుంచి ఒకటే పొడుగు రాడ్డు నాలుగో అంతస్తు వంతెన గుండా దిగి రెండో అంతస్తు వంతెనని కూడా పట్టుకుంటుంది. ఒక్కో వంతెన కింద ఒక్కో నట్టు, దేని బరువు దానిదే. అంత పొడుగునా మర వేయడం కష్టమని ఫ్యాబ్రికేషన్ దగ్గర దాన్ని రెండు రాడ్లుగా మార్చారు: పైనుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, అక్కడి నుంచి కిందికి ఇంకోటి. చూడ్డానికి చిన్న సవరణ. కానీ ఇప్పుడు నాలుగో అంతస్తు బీము కింది నట్టు మీద రెండు వంతెనల బరువూ పడింది, అంటే సరిగ్గా రెట్టింపు. ఫోన్‌లో ఒప్పుకున్నారని ఫ్యాబ్రికేటర్లు, లేదని ఇంజనీర్లు. షాప్ డ్రాయింగుల మీద మాత్రం ఇంజనీర్ల ఆమోద ముద్ర ఉంది. ఆ కనెక్షన్‌కి ఎవరూ మళ్ళీ లెక్క వేయలేదు. మిస్సోరీలో వాళ్ళ లైసెన్సులు పోయాయి.

(న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి: మొదటి డ్రాయింగే కోడ్ అడిగిన బలంలో 60 శాతం దగ్గరే ఉందని దర్యాప్తులో తేలింది. మార్పు దాన్ని సగానికి దించింది.)

ఇందులోంచి మీరు రోజూ చేయగలిగింది ఒకటుంది. ఫోన్‌లో ఏ మార్పు అనుకున్నా పది నిమిషాల్లో రాసి పంపండి: "ఇప్పుడు ఫోన్‌లో అనుకున్నట్టు, బీమ్ బి7 కింద 3 x 16 బదులు 2 x 20 వేస్తున్నాం. సరేనని ఇక్కడ రాస్తేనే కట్ చేయిస్తాను." జవాబు వచ్చేదాకా కటింగ్ మెషిన్ దగ్గర ఆ రాడ్డు ముట్టుకోవద్దు. పై ఉదాహరణలో 3 x 16 అంటే 16 మి.మీ. రాడ్లు మూడు, స్టీల్ 603 చ.మి.మీ., 2 x 20 అంటే 628, సరిపోతుంది. అయినా సరిపోతుందని చెప్పాల్సింది మీరు కాదు.

---

నాలుగు_సూత్:

భాష గురించి ఎవరూ చెప్పలేదు, అదే అసలు సంగతి.

"సమజ్ అయిందా?" అని అడగొద్దు. అడిగితే "హా సాబ్" అనే జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, దానికి అర్థం ఏమీ లేదు. "ఎన్ని అంగుళాలకి కడతావు, చూపించు" అనండి. టేపు తీసి చూపిస్తాడు, అప్పుడు తెలుస్తుంది.

కొలతలు ముందే మార్చి పెట్టుకోండి. డ్రాయింగ్ మి.మీ.లో మాట్లాడుతుంది, మేస్త్రి అంగుళాల్లో, హిందీ వాళ్ళు సూత్‌లో. అంగుళానికి 8 సూత్‌లు. అంటే 10 మి.మీ. రాడ్డు మూడు సూత్, 12 నాలుగు, 16 ఐదు, 20 ఆరు, 25 ఎనిమిది. "బారా" అంటే 12 మి.మీ. రాడ్డా, 12 అంగుళాల దూరమా అనేది గోలలో తేడా తెలియదు. స్పేసింగ్ చెప్పేటప్పుడు వెంట చేత్తో టేపు మీద చూపించండి: 150 అంటే ఆరు అంగుళాలకి కొంచెం తక్కువ. రాడ్డు సైజు చెప్పేటప్పుడు రాడ్డు ముక్కే చేతికివ్వండి.

మాటలకంటే పనిచేసేది నమూనా. మొదటి గదిలో ఒక మూల మీటరు బై మీటరు సరిగ్గా కట్టించండి. కవర్ బ్లాకులు (కవరు కోసం రాడ్ల కింద పెట్టే దిమ్మలు), చైర్లు, ల్యాపు పొడుగు (రెండు రాడ్లు ఒకదాని పక్కన ఒకటి పడే పొడుగు), రింగుల కొక్కెం వంపు అన్నీ అందులో ఉండాలి. నిలబడి చూసి, ఒప్పుకుని, "మిగతా స్లాబంతా ఇలాగే" అనండి. భాష తెలియకపోయినా ఇది అర్థం కానివాడు లేడు. ఒడియా వచ్చిన హెల్పర్ ఒకడుంటే ఆ మూల దగ్గరికి అతన్నీ పిలవండి.

కవర్ బ్లాకుల మాటొచ్చింది కాబట్టి: స్లాబుకి 20, బీముకి 25, కాలమ్‌కి 40 మి.మీ. మూడూ ఒకే గోనెసంచిలో పోసి ఇవ్వొద్దు. చేతికి ఏది దొరికితే అది పెడతారు, తప్పు వాళ్ళది కాదు.

---

బండి_నంబర్_5:

ఆర్ఎంసీ వైపు నుంచి చెప్తా. ప్లాంటుకి సైట్ నుంచి వచ్చే ఆర్డరు చాలాసార్లు ఇంతే: "రేపు 45 క్యూబిక్, ఎం25." దీంతో ప్లాంటు వాడు సగం విషయాలు ఊహించుకోవాలి.

మీ లెక్కే తీసుకుందాం. స్లాబు 240 x 0.15 = 36, బీములు 9 అనుకుంటే 45 క్యూబిక్ మీటర్లు. 6 క్యూబిక్ బండ్లయితే ఏడు నిండుగా 42, ఎనిమిదోది 3. మెసేజ్ ఇలా ఉండాలి (స్లంప్ అంటే కాంక్రీటు ఎంత జారుగా ఉందో మి.మీ.లో చెప్పే కొలత):

"ఎం25, 20 మి.మీ. కంకర, పంపు మిక్స్, సైట్ దగ్గర స్లంప్ 120, తేడా 25 కంటే వద్దు. మొదటి బండి సైట్‌లో రాత్రి 10కి. తర్వాత 25 నిమిషాలకొకటి. ఏడో బండి దిగాక కొలిచి చెప్తాం, ఎనిమిదోది అప్పటిదాకా లోడ్ చేయొద్దు. సైట్ నుంచి మాట్లాడేది ఈ ఒక్క నంబరే. గేటు దగ్గర వెడల్పు ఇంత, రివర్స్‌లో రావాలి."

"ఒక్క నంబరే" అన్నది ఎందుకంటే, మేస్త్రి ఒకసారి, సూపర్‌వైజర్ ఒకసారి, ఓనరు ఒకసారి ఫోన్ చేసి "బండి పంపు" అంటే మూడు బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడతాయి. ఆర్ఎంసీకి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 4926 ప్రకారం లోడ్ చేసిన రెండు గంటల్లో దింపేయాలి, రిటార్డర్ (బిగుసుకోవడం ఆలస్యం చేసే మందు) వాడి ముందే అనుకుని ఉంటే తప్ప. లోడింగ్ టైము చలానా మీద ఉంటుంది, దిగకముందే చూడండి. వరసలో మూడో బండి దగ్గరికి వచ్చేసరికి కాంక్రీటు బిగుస్తుంది, పంపు లాగదు, అప్పుడెవడో పైపు తీసుకుని డ్రమ్ములో నీళ్ళు పడతాడు. చేయి పట్టుకుని ఆపాల్సింది అక్కడే. నీళ్ళు ఎక్కువైతే పారడం బాగానే ఉంటుంది, బలం పోతుంది. అసలు నీళ్ళు పోసే అధికారం సైట్‌లో ఎవరికీ లేదని మొదటి బండి రాకముందే పంపు ఆపరేటర్‌కి, డ్రైవర్లకి, మేస్త్రికి అందరూ ఉన్నప్పుడు చెప్పండి. స్లంప్ తగ్గితే ప్లాంటు వాళ్ళ క్వాలిటీ మనిషి డోసు చెప్పి అడ్మిక్చర్ (కాంక్రీటులో కలిపే మందు) వేయాలి.

ఎదురు సమస్య: బండికీ బండికీ మధ్య గంట ఖాళీ. ముందు పోసిన అంచు బిగిసిపోయి కోల్డ్ జాయింట్ వస్తుంది, వానాకాలంలో అదే గీత వెంట కారుతుంది. అందుకే వెడల్పు తక్కువగా పట్టీలుగా పోసుకుంటూ వెళ్ళమని మేస్త్రితో ముందే అనుకోండి. బండి లేటైనా అంచు చిన్నదిగా ఉంటుంది.

క్యూబులు (బలం పరీక్షకి పోసి ఉంచే కాంక్రీటు దిమ్మలు): కాంక్రీటు పనికి ఉన్న భారతీయ కోడ్ ఐఎస్ 456 లెక్కలో 31 నుంచి 50 క్యూబిక్ దాకా 4 శాంపిళ్ళు, శాంపిల్‌కి 3 చొప్పున 12 క్యూబులు. ల్యాబ్ కుర్రాడికి ఏ బండ్ల నుంచి తీయాలో ముందే చెప్పండి, లేకపోతే నిద్ర ముంచుకురాకముందే పన్నెండూ మొదటి బండి నుంచే నింపేస్తాడు. క్యూబు మీద తేదీతో పాటు బండి నంబరు, అది పోసిన చోటు రాయించండి. 28 రోజుల తర్వాత ఒకటి ఫెయిలైతే ఏ మూల చూడాలో తెలుస్తుంది.

---

షిఫ్ట్_లాగ్:

నేను మెకానికల్, ప్లాంట్ మెయింటెనెన్స్ వైపు. మీ కాస్టింగ్ రాత్రి 10కి మొదలైతే మధ్యలో మనుషులు మారతారు, అక్కడ జాగ్రత్త.

మా రంగంలో దీనికి చెప్పుకునే ఉదాహరణ పైపర్ ఆల్ఫా, ఉత్తర సముద్రంలో చమురు ప్లాట్‌ఫాం, 1988 జులై 6. పగటి షిఫ్టులో ఒక పంపు సేఫ్టీ వాల్వు విప్పి, ఆ చోట బ్లైండ్ ఫ్లాంజి (పైపు మూత) పెట్టి వెళ్ళారు. ఆ పర్మిట్ కాగితం సంగతి రాత్రి షిఫ్టుకి తెలియలేదు. రెండో పంపు ఆగిపోతే వాళ్ళు మొదటిది ఆన్ చేశారు. గ్యాస్ లీకై పేలింది, 167 మంది పోయారు. కాగితం ఉంది, ఉండాల్సిన చోట లేదు.

సైట్‌కి మార్చి చెప్పాలంటే: దిగిపోయేవాడు, ఎక్కేవాడు ఇద్దరూ స్లాబు మీదే కలవాలి, ఫోన్‌లో కాదు. అప్పజెప్పాల్సినవి నాలుగే. ఎక్కడిదాకా పోశాం, ఎన్ని బండ్లు దిగాయి, ఏది సగంలో ఉంది, ఏది పాడైంది. ఆ నాలుగోది జనం దాస్తారు. రెండు వైబ్రేటర్లలో (కాంక్రీటుని కుదిపి సర్దే యంత్రాలు) ఒకటి నీడిల్ పట్టేసిందని చెప్పకుండా వెళ్ళిపోతే, బీము జాయింటు దగ్గర తెల్లారి హనీకూంబ్ (కాంక్రీటు చేరని బొక్కలు) కనిపిస్తుంది. కింద సెంట్రింగ్ చూసే మనిషి మారాడా అన్నది కూడా అడగండి. పోస్తున్నంతసేపూ జాకీల (సెంట్రింగ్‌ని మోసే నిలువు ఆసరాలు) దగ్గర ఒక మనిషి టార్చితో తిరుగుతూనే ఉండాలి, అతనికి పంపు ఆపించే హక్కు ఉండాలి. ఈల వేస్తే పంపు ఆగాలి అని ఆపరేటర్‌తో ముందే ఒప్పందం.

---

కవర్‌బ్లాక్:

పోర్ కార్డు గురించి ఎవరైనా అంటారని చూస్తున్నా. కాంక్రీటు వేసే ముందు సెంట్రింగ్, స్టీల్, కరెంటు, ప్లంబింగ్, లెవెల్స్ అందరూ సంతకం పెట్టే కాగితం. మంచి ఏర్పాటే. కానీ చాలా సైట్లలో అది బైకు సీటు మీద, అందరూ వెళ్ళిపోయాక, ఒకే పెన్నుతో నిండుతుంది. అలాంటి కార్డు లేకపోయినా నష్టం లేదు.

సంతకం పెట్టేవాళ్ళంతా కాస్టింగ్ రోజు మధ్యాహ్నం ఒకేసారి స్లాబు మీద నడవాలి. అరగంట చాలు. ఫ్యాన్ బాక్సు కిందకి రాడ్డు అడ్డొచ్చిందని ఎలక్ట్రీషియన్ అంటే రాడ్ మేస్త్రి పక్కనే ఉంటాడు, అక్కడే తేలిపోతుంది. విడివిడిగా తిరిగితే అదే విషయం రెండు ఫోన్లు, ఒక అలక.

---

కొత్త_సైటింజనీరు:

అందరికీ థ్యాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. ఇంకో రెండు. ఒకటి: పై రాడ్లు దిగిపోయాయని నాకు కనిపించింది, సీనియర్ "ఏం కాదు పోసెయ్" అంటే? కొత్తవాడి మాట ఎవడు వింటాడు? రెండు: సెంట్రింగ్ విప్పడం ఎవరు ఎవరికి చెప్పాలి?

---

రివిజన్_ఆర్2:

మొదటిదానికి. "సార్, స్టీల్ బాగోలేదు" అంటే వినరు, వినక్కర్లేదు కూడా. అందులో ఆయన చేయగలిగింది ఏమీ లేదు. ఇలా అనండి: "సార్, తూర్పు బాల్కనీలో పై రాడ్లు మూడు చోట్ల 40 మి.మీ. దిగాయి, ఫోటోలో టేపు పెట్టి తీశాను. పది చైర్లు, ఇద్దరు మనుషులు, అరగంట పని. మొదటి బండి ఇంకా లోడ్ కాలేదు." ఎక్కడ, ఎంత, సరిచేయడానికి ఏం కావాలి, ఇంకా టైముందా. ఈ నాలుగూ ఉంటే ఆయన తీసుకోవాల్సిన నిర్ణయం అరగంటకి తగ్గిపోయింది. బండి గేటు దగ్గరికి వచ్చాక అదే మాట అంటే ఎవరికైనా కోపమే వస్తుంది.

అయినా వద్దంటే, అదే వివరం, అదే ఫోటో గ్రూపులో కాకుండా ఆయనకీ స్ట్రక్చరల్ ఇంజనీర్‌కీ కలిపి పంపండి. ఎదురు తిరిగినట్టు కాదు, "కాంటిలీవర్ కాబట్టి మీకు తెలియాలని" అని రాయండి. అందరి ముందు, లేబర్ వింటుండగా మాత్రం వద్దు గురూ.

---

నాలుగు_సూత్:

రెండోదానికి. సెంట్రింగ్ వాడికి జాకీలు, ప్లేట్లు అద్దె సొత్తు, వేరే సైట్ ఎదురుచూస్తుంటుంది. మీరు చెప్పకపోతే అతని లెక్క అతనిదే. ఐఎస్ 456లో స్లాబు స్పాను 4.5 మీటర్ల లోపైతే జాకీలు 7 రోజులు, దాటితే 14. బీములు 6 మీటర్ల లోపు 14, దాటితే 21. ఇది ఓపీసీ (ఏమీ కలపని మామూలు) సిమెంటుకి, చలి 15 డిగ్రీల కిందకి పోనప్పుడు. పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) అయినా, ఆర్ఎంసీలో ఫ్లైయాష్ (ఆ బూడిదే) ఉన్నా ఇంకా ఆగాలి, ఎన్ని రోజులో స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని అడిగి రాయించుకోండి. మీ ప్లానులో హాలు స్పాను ఒకటి, బెడ్రూమ్‌ది ఒకటి ఉంటుంది కాబట్టి "స్లాబుకి ఇన్ని రోజులు" అని ఒకే తేదీ చెప్పొద్దు.

కాస్టింగ్ అయిన మర్నాడు ఎర్ర పెయింటు డబ్బా పట్టుకుని కింది అంతస్తులోకి వెళ్ళండి. గది గదికీ కాలమ్ మీద, కంటి ఎత్తులో, రెండు లైన్లు రాయించండి: పోసిన తేదీ, జాకీలు తీసే తేదీ. అంకెలు మాత్రమే. అంకెలు చదవడానికి ఏ భాషైనా ఒకటే. బీముల కింది జాకీలకి ఆ పెయింటే ఒక పట్టీ పూయండి, ఎర్ర పట్టీ ఉన్న జాకీ మీరు దగ్గర లేకుండా కదలకూడదని మేస్త్రితో చెప్పి ఉంచండి. పై అంతస్తు స్లాబు వేసేటప్పుడు దాని బరువు ఈ స్లాబు మీదకే వస్తుంది, అప్పుడు కింద ఎన్ని జాకీలు ఉంచాలన్నది కూడా పెయింటు డబ్బా తెచ్చే ముందే అడిగేయండి.